ఖాళీగా తిరిగిన గ్రైండర్

అత్తగారు పోయిన మూడో నెలలో మా వంటింట్లో గ్రైండర్ తెల్లవారుజామున దానంతటది తిరగడం మొదలుపెట్టింది.

దానంతటది అని ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకి సైన్సు చెప్పే మనిషిని. దయ్యాలు లేవు, భూతాలు లేవు, ఉన్నదల్లా మన భయమేనని బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. కానీ పాలవాడి సైకిలు ఇంకా మా సందులోకి రాని వేళ, నేనూ మావగారూ తప్ప మూడో మనిషి లేని ఇంట్లో, రాయి మీద రాయి ఒరుసుకునే ఆ శబ్దం వినపడేసరికి మంచం మీద కొయ్యబారిపోయాను. పప్పు వేసి తిప్పితే గ్రైండర్ చప్పుడు మెత్తగా ఉంటుంది. ఖాళీగా తిప్పితే పళ్ళు నూరినట్టు ఉంటుంది. నాకు వినపడింది ఆ రెండో చప్పుడు. ఒక నిమిషం తిరిగి ఆగిపోయింది. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

మా ఇంట్లో గ్రైండర్ ముట్టుకునే హక్కు అత్తగారిది. "నీ సేతిలో పడితే రాయి సంకనాకిపోద్ది, మిక్సీతో సరిపెట్టుకో" అని నన్ను దరిదాపులకి రానిచ్చేది కాదు. ఆవిడ పోయాక దాని మీద పాత చీరముక్క ఒకటి కప్పి వదిలేశాను. తెల్లారాక వెళ్ళి చూస్తే ఆ చీరముక్క నాలుగు మడతలు పెట్టి గట్టు మీద ఉంది. ఆవిడ మడత పెట్టే పద్ధతే అది. నేను దాన్ని మళ్ళీ కప్పేసి బడికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఏ పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

మా ఆయనది గూడ్సు రైళ్ళ మీద డ్యూటీ. ఇంట్లో ఉన్న రోజుల కంటే రైలు సిబ్బందికి ఇచ్చే రన్నింగ్ రూముల్లో పడుకున్న రోజులే ఎక్కువ. ఫోన్లో చెప్తే, "నీకు నిద్ర సాలడం నేదే, ఓ మాత్రేసుకుని తొంగో" అన్నారు. మాత్ర వేసుకున్నా మర్నాడు తెల్లవారుజామున గ్రైండర్ తిరిగింది. ఆ మర్నాడూ తిరిగింది.

ఇక్కడ మావగారి గురించి చెప్పాలి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి ఖరగ్‌పూర్ వచ్చి, ఇక తిరిగి వెళ్ళలేదు. మావగారు వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి అదే ఊళ్ళో మలంచాలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ ఇంటి వైరింగ్ అంతా తన చేత్తోనే చేసుకున్నారు. మా చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకున్న తెలుగువాళ్ళు ఇంకో నలుగురైదుగురు బతిమాలితే వాళ్ళిళ్ళకీ చేసిపెట్టారు. చేతిలో పనితనం ఉన్న మనిషి. అయితే కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కూర బాగాలేదంటే ఊరుకుంటారు, కొడుకు మాట వినకపోయినా ఊరుకుంటారు. ఆయన చేసిన పనికి వంక పెడితే మాత్రం మూడు రోజులు ఇల్లంతా ఊపిరి బిగపట్టుకుని తిరగాల్సిందే.

గృహప్రవేశం నాటికి మా మీటరు పక్కన బోర్డులో ఆర్‌సీసీబీ అనే తెల్లటి డబ్బా ఉండేది. ఇల్లు కట్టిన మేస్త్రీ ఎక్కడో చూసొచ్చి పెట్టించాడు. ఇంట్లోకి వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని అది కాపలా కాస్తుంది. మధ్యలో కాస్త కరెంటు దారి తప్పి ఏ తడిగోడలోంచో, ఏ మనిషి ఒంట్లోంచో నేలలోకి పోతే చాలు, టక్కున సప్లై ఆపేస్తుంది. అత్తగారు గ్రైండర్ వేసినప్పుడల్లా అది టక్కుమనేది. ఒక శుక్రవారం పొద్దున మూడుసార్లు అంది. పప్పు సగం నలిగి ఆగిపోయింది, నైవేద్యానికి వేళ మించిపోతోందని ఆవిడ గోల. మావగారికి తల కొట్టేసినట్టయింది. "నలభయ్యేల్లు ఏ డబ్బా నేకుండా రైల్వే షాపు నడిపినాం. నా వైరింగుకి ఇది వొంక పెడతాదా?" అని స్క్రూడ్రైవరు తీసుకుని దాని లోపలి సామానంతా పీకి, వైర్లు ఒకదానికొకటి కలిపేశారు. బోర్డులో బొక్క కనిపిస్తే బాగుండదని ఖాళీ డొల్లని మళ్ళీ దాని చోటులో బిగించారు. చూసేవాళ్ళకి డబ్బా ఉన్నట్టే ఉండేది. అప్పటినుంచి గ్రైండర్ ఏ ఆటంకం లేకుండా తిరిగింది, ఇంట్లో అందరం హాయిగా ఉన్నామనుకున్నాం.

అత్తగారు పోయింది శ్రావణ శుక్రవారం. మా ఇళ్ళలో అమ్మవారికి బూరెలు వండాలంటే తలకి పోసుకుని, తడిచీర తడిచీరగానే కట్టుకుని, ఒంటికి పొడిబట్ట తగలకుండా వంటింట్లోకి వెళ్ళాలి. చెప్పులన్న మాటే లేదు. నేల కూడా అప్పుడే కడిగి ఉంటుంది. అప్పటికి వారం రోజులుగా వాన. గోడలు చెమ్మగిల్లి, అగ్గిపుల్ల కూడా అంటుకోవడం లేదు. ఆవిడ లోపల బూరెల తోపు పిండి రుబ్బుతోంది, నేను ముందుగదిలో పూలు గుచ్చుతున్నాను. ఏదో పడ్డ చప్పుడైంది. వరండాలోంచి మావగారు నాకంటే ముందు పరిగెత్తారు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి లోపలికి చూసి, వెనక్కి తిరిగి బోర్డు దగ్గరికొచ్చి మెయిన్ ఆపేసి, అప్పుడు లోపలికి వెళ్ళి ఆవిడని లేవదీశారు. సింకు ముందు నేల మీద, కొళాయికి చెయ్యందేంత దూరంలో పడి ఉంది.

డాక్టరు గుండెపోటన్నాడు. ఆవిడకి బీపీ ఉంది, షుగరు ఉంది, ఎవరూ ఇంకో మాట అడగలేదు. వచ్చినవాళ్ళంతా అదృష్టవంతురాలన్నారు. శ్రావణ శుక్రవారం, పసుపుకుంకాలతో, తడిచీరతో అమ్మవారి పనిలో ఉండగా పోయింది, అందరికీ దొరికే చావా అన్నారు. నేను తల ఊపాను. మెయిన్ సంగతి నేను తప్ప ఎవరూ చూడలేదు. గుండెపోటు వచ్చిన భార్యని లేవదీయడానికి మెయిన్ ఆపాల్సిన పనేమిటని నా బుర్ర అడుగుతూనే ఉంది, నేను దాని నోరు నొక్కుతూనే ఉన్నాను.

నాలుగో రోజు గ్రైండర్ తిరిగినప్పుడు భయం కంటే చిరాకు ఎక్కువైంది. దయ్యమో భూతమో, తేల్చుకుందామని లేచి వెళ్ళాను.

వంటింట్లో లైటు వెలుగుతోంది. మావగారు స్నానం చేసి, పిండని తడిపంచెతో నిలబడి ఉన్నారు. కాళ్ళ కింద నీళ్ళు మడుగు కట్టాయి. పక్కన గ్రైండర్ ఖాళీగా తిరుగుతోంది. ఆయన కుడిచేతి వేళ్ళ వెనక భాగం కొళాయికి ఆనించి తీశారు. వర్క్‌షాపువాళ్ళు కరెంటుందో లేదో అలాగే చూస్తారు, షాకు కొడితే చెయ్యి ముడుచుకుని దానంతటదే వెనక్కొస్తుందని. తర్వాత చెయ్యి తిప్పి, అరచేత్తో కొళాయిని పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఆయన మోచెయ్యి వణకడం నాకు గుమ్మంలోంచి కనపడింది.

"మావయ్యా!" అని అరిచాను.

చెయ్యి వదిలేసి గ్రైండర్ ఆపేశారు. నా వైపు చూడలేదు. పంచె చెంగు పిండుకుంటూ, "మీ అత్త పలకరిస్తందమ్మా" అన్నారు.

నేను ఏడ్చేశాను. ఆ ముసలాయన ఒంటరితనం చూసి గుండె నీరైపోయింది. ఇంకో మాట అడగకుండా నా గదిలోకి వచ్చేశాను. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి చెప్తాను. ఆ తర్వాత పది రోజులు ఆయన్ని అలాగే వదిలేశాను. పొద్దున్నే గ్రైండర్ చప్పుడు వినపడితే, పాపం, మాట్లాడుకుంటున్నారు అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. తడిబట్టతో, వట్టికాళ్ళతో, కరెంటు పారే కొళాయిని పట్టుకుంటున్న డెబ్భై దాటిన మనిషిని చూసి మురిసిపోయాను. ఏం చదువు చదివానో నాకే తెలియదు.

పదకొండో రోజు మా తెలుగు బడిలో ఎర్తింగ్ పాఠం వచ్చింది. ఇస్త్రీపెట్టె బొమ్మ గీసి, దానికి ఆకుపచ్చ సుద్దముక్కతో, లీకైన కరెంటుని నేలలోకి పంపే ఎర్త్ వైరు గీశాను. "ఈ వైరు తెగిపోతే ఏమవుతుంది?" అని పిల్లల్ని అడిగాను. ముందు బెంచీ పిల్ల లేచి, "ముట్టుకున్నోల్లు సచ్చిపోతారు మేడం" అంది. పిల్లలందరూ నవ్వారు. నేను పాఠం అక్కడే ఆపేశాను.

ఇప్పుడు నేను దాచిన సంగతి చెప్పక తప్పదు. ఆవిడ పోవడానికి మూడు వారాల ముందు, ఒక పొద్దున గ్రైండర్ తిరుగుతుండగా అత్తగారు చెయ్యి కడుక్కోబోయి వెనక్కి తీసుకుంది. నేను చూశానని గమనించి, "తడిబట్టతో ఉంతే కొలాయి ముట్టుకోగానే ఒల్లు జల్లుమంతందే. అమ్మోరు సల్లగా సూస్తంది" అంది నవ్వుతూ. ఆవిడ అటు వెళ్ళాక నేను వేలు తడిపి కొళాయికి ఆనించాను. మోచెయ్యి దాకా జివ్వుమంది. అది అమ్మవారు కాదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. చెప్పాలనుకున్నాను. చెప్తే వైరింగు మాట వస్తుంది, వైరింగు మాట వస్తే మావగారితో యుద్ధం. పిల్లి మెడలో గంట నేనెందుకు కట్టాలి, మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక ఆయన చేతే చెప్పిద్దాం అనుకున్నాను. ఆయన వచ్చారు, పడి నిద్రపోయారు, మళ్ళీ వెళ్ళిపోయారు. ఈలోగా శ్రావణమాసం వచ్చింది.

బడి నుంచి వస్తూ మా ఆయనకి ఫోన్ చేసి, ఎలక్ట్రీషియన్ని పిలుస్తున్నానని చెప్పాను. "నాన్నతో మాత్రం నువ్వే సెప్పుకో" అన్నారు. ఆ ఇంట్లో పుట్టిపెరిగిన మగాడికే లేని ధైర్యం నాకెక్కడిది? అయినా ఆ కొళాయి దగ్గర ఇంకో మనిషి పడిపోతే నేను మనిషిగా మిగలను. ఝపటాపూర్‌లో చిన్న కొట్టు పెట్టుకున్న బెంగాలీ ఎలక్ట్రీషియన్ని, అందరూ దాదా అని పిలిచే అతన్ని, ఆదివారం పొద్దున రమ్మన్నాను.

మావగారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. నడవలో కుర్చీ వేయించుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా బోర్డుకి ఎదురుగా కూర్చున్నారు. దాదా మూత విప్పి, తెల్లడబ్బాని వేలితో కొట్టి చూసి, "ఏ కీ! దీదీ, ఏ తో ఖాలీ బాక్స్!" అని నా మొహంలోకి చూశాడు. నేను గోడ వైపు చూశాను. మావగారు కుర్చీలోంచి నెమ్మదిగా, "నేనే తీసేసినాను. కొత్తది పెట్టు" అన్నారు. ఆయన నోట అంత మెత్తటి మాట నేను వినడం అదే మొదటిసారి, నాకు భయమేసింది.

కొత్త ఆర్‌సీసీబీ బిగించి, దాదా గ్రైండర్ వేశాడు. డబ్బా చలించలేదు. గ్రైండర్ బాగానే ఉందేమోనని నాకు ఒక్క నిమిషం ఆశ పుట్టింది. దాదా టెస్టరు తీసి కొళాయికి పెట్టాడు. టెస్టర్లో ఎర్రదీపం వెలిగింది. గ్రైండర్ ఆపాడు, ఆరిపోయింది. వేశాడు, వెలిగింది. గ్రైండర్ ఒంట్లో లీకవుతున్న కరెంటు కొళాయిలోకి ఎలా వచ్చిందో వెతుకుతూ సింకు కిందికి దూరాడు. గ్రైండర్ ప్లగ్గుతో కలిసే వంటింటి ఎర్త్ వైరు కొళాయి ఇనప పైపుకి చుట్టి ఉంది.

"క్వార్టర్లలో అంతా అలాగే సేసీవోల్లం" అన్నారు మావగారు. "ఇనప పైపు భూమిలో పాతుకుని ఉంతాది. లీకైన కరెంటు దాని మీంచి నేల్లోకి ఎల్లిపోద్ది."

అది నిజమే. ఈ ఇంటి పైపు కూడా మొదట్లో ఇనపదే, భూమిలోకే వెళ్ళేది. దాదా పైపు వెంట పెరట్లోకి వెళ్ళి, గునపంతో గోడ మొదట్లో మట్టి లాగాడు. జానెడు లోతులో తెల్ల ప్లాస్టిక్ పైపు బయటపడింది. రెండేళ్ళ కింద పాతది తుప్పు పట్టి కారుతుంటే ప్లంబరు మార్చిన ముక్క. గోడలో ఇనుము గోడలోనే మిగిలింది, దానికి భూమితో సంబంధం తెగిపోయింది. లీకైన కరెంటుకి వెళ్ళే చోటు లేక, గ్రైండర్ తిరిగినంతసేపూ కొళాయిలోనే కాచుకుని కూర్చుంది.

"ప్లాస్టిక్కా?" అన్నారు మావగారు. కుర్చీ వదిలి పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఆడు మారుస్తంటే పక్కన కూకుని టీ తాగినాను. కొత్త పైపు నిగనిగలాడతందని మెచ్చుకున్నాను కూడాను."

దాదాకి మా సంగతులేవీ తెలియవు. తన పనిలో తానున్నాడు. పెరట్లో తడినేలలో ఇనప కడ్డీ ఒకటి దిగ్గొట్టి, దానికీ కొళాయికీ మధ్య తాత్కాలికంగా ఒక వైరు కలిపాడు. లోపలికొచ్చి గ్రైండర్ వేశాడు. రాయి ఒక చుట్టు కూడా తిరగలేదు. టక్. సప్లై పోయింది. కరెంటుకి నేలలోకి దారి దొరికీ దొరకగానే డబ్బా పసిగట్టేసింది. ఇల్లు కట్టిన కొత్తలో అది టక్కుమన్నదీ ఇందుకే. గ్రైండర్ లీకవుతోందని అది మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉంది.

"మనిసి ముట్టుకున్నా ఆగుద్దా?" అని మావగారు తెలుగులోనే అడిగి, మళ్ళీ హిందీలో అడిగారు.

దాదా నవ్వాడు. "ఆద్మీ భీ తో రాస్తా హై, కాకా."

మనిషి కూడా దారే. పిల్లలకి ఆ ముక్క నేనెన్నిసార్లు చెప్పానో. మావగారు బోర్డు దగ్గరికి వెళ్ళారు. డబ్బా మీద టెస్టు బటన్ ఉంటుంది, అది నొక్కితే లీకు వచ్చిందనుకుని డబ్బా సప్లై ఆపేస్తుంది. ఆయన నొక్కారు. టక్. మీట పైకెత్తి మళ్ళీ నొక్కారు. టక్. మళ్ళీ. దాదా వారిస్తాడేమో అనుకున్నాను, అతనూ ఆయన మొహం చూసి ఊరుకున్నాడు. ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టలేదు. చివరికి చెయ్యి దించి, "ఇంత సేపేనా?" అన్నారు, ఎవరితోనో.

సరైన ఎర్త్ గుంట తీయడానికి సామాను కావాలని దాదా కొట్టుకి వెళ్ళాడు. ఇంట్లో మేమిద్దరం మిగిలాం. మావగారు వంటింటి గడప మీద కూర్చున్నారు.

"నీతో అబద్దమాడినానమ్మా. అది పలకరింపూ కాదు, పాడూ కాదు" అన్నారు. "మీ అత్త లాగే తడిబట్ట కట్టుకుని, వట్టికాల్లతో నిలబడి సూసీవోన్ని. ఆ కరెంటు మనిసిని సంపుద్దా నేదా అని. రోజూ బతికే ఉంతన్నాను. బతికే ఉన్నాను గాబట్టి అది గుండెపోటేనని రోజూ పొద్దున్నే ఒకపాలి రుజువు సేసుకుంతన్నాను."

నేను ఆయనకి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆ రోజు దాన్ని సూడగానే నా కాల్లు మెయిన్ కాడికి ఎల్లిపోనాయి. నేను ఎల్లమన్లేదు. కాల్లకి తెలిసిపోనాది." నా వైపు తిరిగి, "నువ్వు సైన్సు సెప్తావు కదా. నేను బతికినాను గదా. మరది గుండెపోటే గదా?" అన్నారు.

అవునంటే ఆ ముసలాయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవారు. అవునని నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆయన చేస్తున్న రుజువు రుజువు కాదు. ఇప్పుడు శీతాకాలం, మూడు నెలలుగా వాడకుండా ఉన్న గ్రైండర్ లోపల ఎండిపోయి ఉంది. ఆ రోజు వారం రోజుల వాన, కడిగిన నేల, మోటార్లోకి దిగిన నీళ్ళు. ఆ రోజు కొళాయిలో ఎంత కరెంటు ఉందో ఇక ఎవరూ కొలవలేరు. ఆయన నూరేళ్ళు ఆ కొళాయి పట్టుకున్నా తెలియదు. అదే చెప్పాను. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. చెప్తుంటే నా మీద నాకు అసహ్యం పుట్టింది, అయినా ఆపలేదు. ఆ చెప్పడంలోనే, మూడు వారాల ముందు నేను వేలు పెట్టి చూసిన సంగతీ చెప్పేశాను.

ఆయన తలెత్తి చూశారు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు సెప్పలేదేటమ్మా?"

"మీకు కోపమొస్తుందని, మావయ్యా."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండునని ఎంత అనుకున్నానో. నాలుగు తిట్లు తిట్టి, ఇంట్లోంచి పొమ్మన్నా సంతోషించేదాన్ని. తల దించుకుని, "దానికీ తెలిసేదా? మీ అత్తకి?" అన్నారు.

"అమ్మవారు చల్లగా చూస్తోందని అన్నారు."

మావగారు నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేను, అందులో ఏడుపు తప్ప ఇంకేం లేదు. "కరెంటోడితో నలభయ్యేల్లు కాపరం సేసినాది. క్వార్టర్లో ఇస్తిరిపెట్టి షాకిస్తే నాకంటే ముందు ప్లగ్గు పీకేసీది. కరెంటేటో అమ్మోరేటో దానికి తెల్దేటి?" అన్నారు.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. చదువురాని మనిషి, కరెంటుని అమ్మవారనుకుందని జాలిపడుతూ వచ్చాను. ఆవిడకీ తెలుసు. తెలిసి, వైరింగు బాగాలేదని చెప్పడానికి వీల్లేని ఇంట్లో, చెప్పడానికి వీలున్న పేరు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు, అంతే తేడా.

దాదా సాయంత్రానికి ఎర్త్ పని పూర్తి చేశాడు. గ్రైండర్ని మావగారు తానే మోసుకెళ్ళి పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. భోజనానికి పిలిస్తే రాలేదు. కూర్చున్నవారు కూర్చున్నట్టే వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నారు. "ఐదిల్లు" అన్నారు చివరికి. "ఐదిల్లకీ పైపుకే ఎర్తు కట్టినాను. అందరూ ప్లాస్టిక్కులు ఏయించీసుంతారు. దాదాని రేపు కూడా రమ్మను."

మర్నాడు బడికి సెలవు పెట్టాను. టోటో అనే బ్యాటరీ రిక్షాలో నేనూ, మావగారూ, దాదా, దాదా పనిముట్ల సంచీ. మొదటి ఇల్లు మావగారితో కలిసి పనిచేసినాయనది, ఆయన పోయి చాలా కాలమైంది. కోడలు ఒక్కతే ఉంది, నా వయసుదే. మావగారిని చూడగానే కంగారుగా కొంగు సర్దుకుని కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, వంటింట్లో కొలాయి ముట్టుకుంతే జల్లుమంతందేటి?" అని అడిగారు.

ఆమె ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. "నేదు బాబయ్యా, ఏటీ నేదు" అంది. "మీరు సేసిన వైరింగుకేటి వొంక? బెమ్మాండంగా ఉంది."

అంటూనే వంటింటి గుమ్మానికి అడ్డంగా జరిగి నిలబడింది. ఆమె భుజం మీంచి లోపల అంతా కనపడుతూనే ఉంది. సింకు ముందు నేల మీద చెక్కపీట వేసి ఉంది, ఎక్కి నిలబడేందుకు. కొళాయికి పొడిగుడ్డ రెండు మూడు చుట్లు చుట్టి, గట్టిగా ముడివేసి ఉంది. మాసిపోయిన గుడ్డ, ఇవాళ కట్టింది కాదు.

మావగారు ఆ గుడ్డని చాలాసేపు చూశారు. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండానే లోపలికి నడిచి, పీట ఎక్కారు.

"దాదా, మెయిన్ బంద్ కరో" అన్నారు. ఆపినట్టు దాదా కేకేశాక, ముడి విప్పడం మొదలుపెట్టారు. ఆయన వేళ్ళకి పట్టు చిక్కలేదు. ఆమె వచ్చి ఆయన పక్కన నిలబడింది, ఇద్దరూ కలిసి విప్పారు.